పడిన ధర, అమ్మేవాని అవసరం
(ఎర్రమంచి జుమా ప్రసంగ పాఠం)





అల్లాహ్ పట్ల భయభక్తులతో మెలగవలసిందిగా ముందు నా మనస్సుకూ, ఆ తర్వాత మీకూ బోధిస్తున్నాను. భయభక్తులను మనం తరచు నమాజుకూ, ఉపవాసానికీ పరిమితం చేసి చూస్తాము. పెనుకొండ సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో వేలిముద్ర వేసే ఆ రెండు నిమిషాలలో అవి మనతో ఉన్నాయా లేదా అని ఎవరూ అడగరు. ఈ రోజు నేను అడగదలిచాను.

గత శుక్రవారం నమాజు ముగిసి అందరూ వెళ్లిపోతుండగా ఒక సోదరుడు హౌజు దగ్గర నా కోసం ఆగాడు. "హజ్రత్, ఒక స్థలం బేరం వచ్చింది. తీసుకోవచ్చునా?" అని అడిగాడు. స్థలం కొనడానికి ఫత్వా ఎందుకని నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. విషయం ఇది. హిందూపురంలో ఆయనకు సొంత ఇల్లు ఉన్నది, దుకాణం ఉన్నది. మన జాతీయ రహదారి పక్కనున్న ఒక లేఅవుట్‌లో 5 సెంట్ల స్థలం అమ్మకానికి వచ్చింది. దాని యజమాని కువైట్‌లో కొన్నేళ్లు డ్రైవరుగా పనిచేసినవాడు. అక్కడ కూడబెట్టిన సొమ్ముకు, భార్య నగలు తాకట్టు పెట్టి తెచ్చినది కలిపి, 2018లో 12 లక్షలకు ఆ స్థలం కొన్నాడు. ఇప్పుడు ఆ భార్యకే బెంగళూరులో వారానికి రెండుసార్లు డయాలసిస్ జరుగుతున్నది. చుట్టుపక్కల అటువంటి స్థలం ఈ రోజుల్లో 7 లక్షల వరకు పలుకుతున్నది. మధ్యవర్తి మాత్రం మన సోదరుని చెవిలో, "5 లక్షలు ముందు పెట్టి చూడండి, నెలాఖరులోగా సంతకం చేస్తాడు. వాడికి వేరే దారి లేదు" అన్నాడట. స్థలం కొని, దుకాణం మీద బ్యాంకు అప్పు తీసుకొని, ఆదివారాలలో పిల్లలతో వచ్చి గడపడానికి అక్కడ చిన్న తోట ఇల్లు కట్టుకోవాలన్నది మన సోదరుని ఆలోచన.

"వాడికి వేరే దారి లేదు" అన్న మాట విన్న రాత్రి తనకు నిద్ర పట్టలేదని ఆయన నాతో చెప్పాడు. వచ్చే జుమా దాకా బయానా ఇవ్వవద్దని మాత్రం అన్నాను. అమ్మేవారు, కొనేవారు ఇద్దరి అనుమతితోనే ఈ సంగతి మీ ముందు పెడుతున్నాను. వారెవరో ఊహించే పని పెట్టుకోకండి. అటువంటివారు మన వరుసల్లోనే ఇంకా ఎందరో ఉన్నారు.

సోదరులారా! ఈ నేల ధర ఎలా లేచిందో, ఎలా పడిందో మీరు కళ్లారా చూసినవారు. వాన కురిస్తే వేరుశెనగ, కురవకపోతే వలస, అదీ మన బతుకు. 2017 ఏప్రిల్ 27న కియా సంస్థకూ రాష్ట్ర ప్రభుత్వానికీ ఒప్పందం కుదిరింది. మన ఎర్రమంచి దగ్గర 536 ఎకరాలు కర్మాగారానికి కేటాయించారు. అప్పటి నుండి రహదారికి ఇరుపక్కలా రంగురంగుల బోర్డులు లేచాయి. అమ్మవారిపల్లి వైపు, గుడిపల్లి వైపు నిన్నటిదాకా ఎకరాల లెక్కన మాట్లాడినవారు సెంట్ల లెక్కన మాట్లాడసాగారు. 2019 జనవరి 29న ప్రయోగాత్మకంగా మొదటి కారు బయటికి వచ్చినప్పుడూ, అదే సంవత్సరం డిసెంబరు 5న కర్మాగారం లాంఛనంగా ప్రారంభమైనప్పుడూ, ఇక ఈ ధరలకు అంతే ఉండదని నాకే చెప్పినవారున్నారు. 2020 ఫిబ్రవరిలో కర్మాగారం తమిళనాడుకు తరలిపోతుందని ఒక వార్త వచ్చింది. సంస్థా, ప్రభుత్వమూ ఖండించాయి. కర్మాగారం ఎక్కడికీ పోలేదు, మొదట ఏడాదికి 3 లక్షల కార్లు తయారు చేసే సామర్థ్యంతో పెట్టిన ఆ యంత్రాలు ఇక్కడే ఉన్నాయి. అయినా ఆ ఒక్క మాటకే బయానా ఇచ్చినవారు ఫోన్లు ఎత్తడం మానేశారు. మరుసటి నెలలోనే కరోనా లాక్‌డౌన్ వచ్చింది. ఈనాడు కొన్ని లేఅవుట్లలో హద్దురాళ్లు సర్కారు తుమ్మ కింద వెతుక్కోవలసి ఉన్నది.

ధర లేవడం, పడడం ఈ కొండ కింద కొత్త సంగతి కాదు. 1565లో తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులు రాజధానిని పెనుకొండకు మార్చారు. ఆ రోజుల్లో ఇక్కడ జానెడు చోటు కోసం ఎంతమంది తిరిగి ఉంటారో! తర్వాత రాజధాని చంద్రగిరికి పోయింది. కోట గోడలు మిగిలాయి, వాటి నీడన మేకలు మేస్తున్నాయి.

ధరలు పెరిగినప్పుడు జరిగిన ఒక తప్పును ముందు చెప్పుకోవాలి, ఎందుకంటే అందులో మన చేతులూ ఉన్నాయి. బయటి ఊళ్ల నుండి సరుకు తెచ్చే వర్తక బిడారులకు ఎదురెళ్లి, వారికి బజారు ధర తెలియకముందే కొనడాన్ని దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) నిషేధించారు. అలా కొన్నట్లయితే, అమ్మినవాడు బజారుకు చేరి అసలు ధర తెలుసుకున్న తర్వాత ఆ బేరాన్ని రద్దు చేసుకునే హక్కు అతనికి ఉంటుందని తెలిపారు. ఇది ఒంటెల కాలపు నియమమని అనుకోకండి. కర్మాగారం వస్తుందని ముందే తెలిసినవాడు, తెలియని రైతు గడపకు వెళ్లి, కరువు నేలకు ఇంతకంటే ఎవరిస్తారని చెప్పి అగ్రిమెంటు రాయించుకున్నాడు. ఎదురెళ్లడం అంటే అదే. తన పేరిట రిజిస్టరు కాని స్థలాన్ని, అగ్రిమెంటు కాగితం ఒక్కటే చూపి, ఇంకొకరికి ఎక్కువ ధరకు అమ్మినవారు ఉన్నారు. తన వద్ద లేనిదానిని అమ్మవద్దని ప్రవక్త (స) హకీం బిన్ హిజామ్ (రజి) గారికి స్పష్టంగా చెప్పారు. ఆ కాగితాలే చేతులు మారి మారి, చివరి చేతిలో ఆగిపోయాయి. ఆ చివరి చేయి చాలాసార్లు కువైట్ నుండి తిరిగి వచ్చినవానిది.

ఇక, తక్కువ ధరకు కొనడమే పాపమా? కాదు. ఈ మాట సూటిగా చెప్పవలసినది, లేకుంటే ధర్మాన్ని మనమే బిగించినవారమవుతాము. మదీనాలో ధరలు పెరిగినప్పుడు, ధర కట్టమని ప్రజలు కోరారు. ప్రవక్త (స) అంగీకరించలేదు. కొరతా, సమృద్ధీ కలిగించేవాడు అల్లాహ్ అనీ, ఎవరి ధనం విషయంలోనూ అన్యాయం చేశానన్న ఫిర్యాదు లేకుండా తాను ప్రభువును కలుసుకోదలిచాననీ చెప్పారు. అబూ దావూద్, తిర్మిజీ గ్రంథాలలో అనస్ (రజి) గారి ఉల్లేఖనం ఇది. ఉర్వా బారిఖీ (రజి) గారికి ప్రవక్త (స) ఒక దీనారు ఇచ్చి గొర్రెను కొనమంటే, ఆయన రెండు గొర్రెలు కొని, ఒకదానిని దీనారుకే అమ్మి, గొర్రెనూ దీనారునూ తెచ్చి ఇచ్చారు. ప్రవక్త (స) ఆయన వ్యాపారంలో శుభం కోసం ప్రార్థించారు. కాబట్టి 12 లక్షలకు కొన్న స్థలం ఈనాడు 7 లక్షలే పలికితే, 7 లక్షలకు కొన్నవాడు దోషి కాడు. ఆ 5 లక్షల నష్టం కొనేవాడు చేసినది కాదు. పడిన బజారులో ఇల్లు లేనివాడు ఇల్లు కొనుక్కోవడం మంచిదే. 2019లో ఆశపడలేని మన కూలి సోదరులు కొందరు ఇప్పుడు 2 సెంట్లు కొనుక్కున్నారంటే నాకు సంతోషం కలిగింది.

మన ప్రశ్న 12కూ 7కూ మధ్య ఉన్న తేడా గురించి కాదు. 7కూ 5కూ మధ్య ఉన్న తేడా గురించి. మొదటి తేడా బజారుది. రెండవ తేడా ఆసుపత్రిది. ఆ 2 లక్షలు స్థలం విలువలో నుండి తగ్గలేదు, రోగి మంచం దగ్గర నుండి తగ్గాయి.

గత్యంతరం లేనివాని అమ్మకాన్ని గురించి అబూ దావూద్ గ్రంథంలో హజ్రత్ అలీ (రజి) గారి నుండి ఒక నిషేధం ఉల్లేఖించబడింది. దాని పరంపర బలహీనమైనదని హదీసు విద్వాంసులు చెప్పారు, దానిని దాచను. అయితే ఇమామ్ ఖత్తాబీ దానిని వివరిస్తూ చేసిన విభజన ఎంతో ప్రయోజనకరమైనది. ఒకడిని బలప్రయోగంతో అమ్మించితే ఆ అమ్మకమే చెల్లదు. అప్పుల చేతనో, అవసరాల చేతనో ఒకడు తన సొత్తు తక్కువకు అమ్ముకుంటే ఆ అమ్మకం చెల్లుతుంది. కాని ధర్మమూ, మానవత్వమూ కోరేది అతని సొత్తును అలా లాక్కోవడాన్ని కాదు, అతనికి అప్పిచ్చి, గడువిచ్చి, చేయూత నివ్వడాన్ని. ఇబ్బందిలో ఉన్న ఋణగ్రస్తునికి వెసులుబాటు కలిగే దాకా గడువు ఇవ్వాలనీ, అప్పును మాఫ్ చేస్తే మరింత మేలనీ దివ్యఖుర్ఆన్ బఖరా సూరాలో ఆదేశించిన సంగతి మీకు తెలిసినదే. వడ్డీని నిషేధించిన వాక్యాల వెన్నంటే ఆ ఆదేశం వచ్చింది. పక్కపక్కనే ఉంచడంలోని అంతరార్థాన్ని ఆలోచించండి.

ఇప్పుడు జరీర్ బిన్ అబ్దుల్లాహ్ (రజి) గారి సంగతి వినండి. తబరానీ ఉల్లేఖించినది ఇది. ఆయన తన సేవకుని గుర్రం కొనుక్కు రమ్మని పంపారు. సేవకుడు 300 దిర్హములకు బేరం కుదుర్చుకొని, సొమ్ము ఇప్పించడానికి గుర్రపు యజమానిని వెంటబెట్టుకొని వచ్చాడు. జరీర్ (రజి) గుర్రాన్ని చూశారు. నీ గుర్రం 300 కంటే మేలైనది, 400కు ఇస్తావా అని యజమానిని అడిగారు. అతడు తమ ఇష్టమన్నాడు. మళ్లీ చూసి, ఇది అంతకంటే కూడా మేలైనది, 500కు ఇస్తావా అన్నారు. అలా నూరు నూరుగా పెంచుకుంటూ పోయి 800 దిర్హములకు కొన్నారు. ఇదేమిటని అడిగినవారికి, ప్రతి ముస్లిం పట్ల శ్రేయోభిలాషిగా ఉంటానని దైవప్రవక్త (స) చేతిలో చేయి వేసి ప్రమాణం చేశానని బదులిచ్చారు. నమాజు, జకాతులతో పాటు ఆయన చేసిన ఆ ప్రమాణం బుఖారీ, ముస్లిం గ్రంథాలలో నమోదై ఉన్నది.

సోదరులారా, ఇక్కడ గమనించవలసినది ఒకటున్నది. అమ్మేవాడు 300కు ఒప్పుకున్నాడు. ఇద్దరి అంగీకారమూ ఉన్నది. న్యాయస్థానంలో ఆ బేరానికి వంక పెట్టేవారు లేరు. అయినా జరీర్ (రజి) దానిని తన ప్రమాణం ముందు పెట్టి చూసుకున్నారు. మనం "అతడే ఒప్పుకున్నాడు కదా" అంటాము. ఒప్పుకోవడం వేరు, ఒప్పుకోక తప్పకపోవడం వేరు. వస్తువు ధర తెలియని అమాయకుని వద్ద బజారు ధరకు మరీ దూరంగా కొనడాన్ని ఫిఖహ్ పండితులు గబ్న్ ఫాహిష్ అన్నారు, అంటే ఘోరమైన ధర మోసం. మన మధ్యవర్తి, ఆసుపత్రికీ ఇంటికీ తిరుగుతూ ఆరు నెలలుగా బజారు మొహం చూడని మనిషికి, ఇప్పుడు ధర ఇంతేనని చెప్పాడు. మధ్యవర్తులు మన వరుసల్లోనూ ఉన్నారు. కమీషను తీసుకోవడం తప్పు కాదు. కాని రెండు పక్కలా కమీషను తీసుకొని ఒక పక్కకే నిజం చెప్పడం తప్పు.

జాగా కొనుగోలుకు సంబంధించి మరొక ముచ్చట బుఖారీలో ఉన్నది. మన లేఅవుట్లలో ఎవరికీ గుర్తులేనిది కనుక చెబుతాను. ప్రవక్త (స) విముక్తి కలిగించిన అబూ రాఫి (రజి) గారికి, సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి) గారి ఆవరణలో రెండు గదులు ఉండేవి. వాటిని కొనమని ఆయన సఅద్ గారిని అడిగారు. సఅద్ మొదట కొననన్నారు. పక్కనున్నవారు బలవంతం చేయగా, 4000 మించి ఇవ్వననీ, అదీ వాయిదాలలోనేననీ అన్నారు. అబూ రాఫి (రజి) గారికి అప్పటికే బయటివారు రొక్కంగా 500 దీనారులు ఇస్తామన్నారు. ఆ కాలపు మారకంలో అది 4000 దిర్హములకు మించిన సొమ్ము. అయినా పొరుగువానికి తన సామీప్యం వల్ల ఎక్కువ హక్కు ఉంటుందని ప్రవక్త (స) నోట విన్నాను కాబట్టి ఇస్తున్నాననీ, లేకుంటే ఇచ్చేవాడిని కాననీ చెప్పి, ఆ తక్కువ ధరకే సఅద్ గారికి ఇచ్చేశారు. ఇక్కడ తగ్గినది అమ్మేవాడు. అక్కడ పెరిగినది కొనేవాడు. ఇద్దరినీ కదిలించినది ఒక్కటే.

దీనినే షుఫా హక్కు అంటారు. మన హనఫీ మస్లక్‌లో సహభాగస్వామికే కాక హద్దు కలిసిన పొరుగువానికి కూడా ఈ హక్కు ఉన్నది. పాత మద్రాసు హైకోర్టు ఈ హక్కును చట్టంగా గుర్తించలేదు. మన జిల్లా ఆ రాష్ట్రంలోనిదే కాబట్టి, ఈనాడు పొరుగువాడు కోర్టుకు వెళ్లి గెలిచే అవకాశం మన ప్రాంతంలో లేనట్లే. కోర్టు అడగదు గనుక ఇది పూర్తిగా మన అంతరాత్మకు వదిలిపెట్టబడిన బాధ్యత. కాబట్టి మన సోదరునికి నేను చెప్పిన మొదటి మాట, పక్క స్థలం వారిని అడిగావా అని.

ఇక అప్పు సంగతి. ఇది నొప్పి కలిగించే మాట. ఇల్లు లేనివాడు, అద్దె ఇళ్లు మారి మారి పిల్లల బడి చెడిపోతున్నవాడు, బ్యాంకు అప్పు గురించి అడిగితే విద్వాంసులు ఎంతో ఆలోచించి, అతని అవసరాన్ని తూచి మాట్లాడతారు. వారాంతపు ఇంటి కోసం వడ్డీ అప్పు గురించి అడిగినవానికి ఆలోచించవలసిన పని లేదు. అవసరం అనే తలుపు అక్కడ లేనే లేదు. పడిన బజారులో అప్పు మరింత ప్రమాదకరం. ధర ఇంకా పడవచ్చు, వాయిదా మాత్రం పడదు. 2008 సెప్టెంబరు 15న అమెరికాలో లేమన్ బ్రదర్స్ అనే పెద్ద సంస్థ దివాలా తీసింది. ఇళ్ల ధరలు ఎన్నటికీ తగ్గవన్న నమ్మకంతో, తీర్చగలిగినవారికీ తీర్చలేనివారికీ ఇచ్చుకుంటూ పోయిన గృహరుణాలు దాని వెనుక ఉన్నాయి. ఇళ్ల ధర అప్పు కంటే కిందికి దిగిపోయి, తాళంచెవులు బ్యాంకుకు ఇచ్చేసి వెళ్లిపోయిన కుటుంబాలు అక్కడ లక్షల్లో ఉన్నాయి. ముగ్గురు, నలుగురు చేరి జాగాలు కొనుక్కునే మన పల్లెకు అంత దూరం సంగతి ఎందుకంటే, మన నగల తాకట్టు కూడా అదే నమ్మకంతో జరిగింది కనుక. మూడు దీనారుల అప్పు మిగిల్చి చనిపోయిన వ్యక్తి జనాజా నమాజు చేయించడానికి ప్రవక్త (స) ముందుకు రాలేదు. అబూ ఖతాదా (రజి) ఆ అప్పును తన నెత్తిన వేసుకున్న తర్వాతనే నమాజు చేయించారు. మూడు దీనారులు!

ఇదే సందర్భంలో భోగ్యం గురించి ఒక మాట, చాలామంది వడ్డీ లేదు కనుక ఇది మంచిదని భావిస్తున్నారు. హిందూపురంలోనూ, బెంగళూరులోనూ 4 లక్షలో, 5 లక్షలో ఇంటి యజమానికి ఇచ్చి, మూడేళ్లు అద్దె లేకుండా ఉండి, తర్వాత ఆ సొమ్ము మొత్తం తిరిగి తీసుకుంటారు. ఇచ్చినది తిరిగి వస్తున్నప్పుడు అది అప్పు. అప్పు ఇచ్చినందుకు అద్దె లేకుండా ఉండడం ఆ అప్పు మీద పొందే లాభం. అప్పు మీద షరతు ప్రకారం పొందే లాభాన్ని విద్వాంసులు వడ్డీలోనే చేర్చారు. న్యాయమైన అద్దె ఒకటి నిర్ణయించుకొని నెలనెలా ఇవ్వండి, అడ్వాన్సు తక్కువ పెట్టుకోండి. ఇల్లు కొనలేని యువకులకు ఇదే దారి.

సెలవు ఇంటి సంగతికి వస్తాను. బెంగళూరు విమానాశ్రయం దేవనహళ్లికి వచ్చిన తర్వాత, ఇదే రహదారి మీద ఉత్తరంగా మన సీమ వరకు తోటల పేరిట, ఫార్మ్ ప్లాట్ల పేరిట నేల అమ్ముతున్నారు. లేపాక్షి చుట్టూ, హిందూపురం చుట్టూ శనివారం వచ్చి ఆదివారం వెళ్లే ఇళ్లు లేచాయి. పిల్లలకు చెట్టూ, మట్టీ చూపించాలనుకోవడం మంచి కోరికే. ఖుర్ఆన్ తోటలను నిందించలేదు, వాటిని అల్లాహ్ అనుగ్రహాలుగా చూపింది. కాని ముస్లిం గ్రంథంలో జాబిర్ (రజి) గారి ఉల్లేఖనం ఒకటి ఉన్నది. ఇంట్లో ఒక పరుపు మగవానికి, ఒకటి అతని భార్యకు, మూడవది అతిథికి ఉండవచ్చుననీ, నాలుగవది షైతానుకనీ ప్రవక్త (స) చెప్పారు. పరుపు గురించే ఇంత లెక్క చెప్పిన ప్రవక్త (స) అనుచరులము మనం. ఏడాదికి ముప్పై రాత్రులు మనుషులు పడుకునే ఇల్లు, మిగిలిన మూడు వందల ముప్పై అయిదు రాత్రులు ఎవరి ఇల్లు? అతిథి పరుపు ఒకటి ఆయనే ఉంచారు చూడండి. తోట ఇల్లు కట్టుకున్నవారు, ఆ ఖాళీ రాత్రులను ఎవరికి ఇవ్వగలరో ఆలోచించాలి. బెంగళూరు ఆసుపత్రులకు తిరిగే మన రోగులకు దారిలో ఒక రాత్రి తలదాచుకునే చోటు లేదని నాకు తెలుసు.

కాగితాల సంగతి క్లుప్తంగా చెబుతాను. జానెడు నేల అన్యాయంగా ఆక్రమించినవాని మెడకు ఏడు భూముల లోతు వరకు దానిని చుట్టడం జరుగుతుందన్న హెచ్చరిక మీకు తెలుసు. తెలియక కొన్నానన్న మాట, తెలుసుకునే అవకాశం ఉన్నవానికి చెల్లదు. పేదలకు ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ భూమి విషయంలో 1977 నాటి చట్టం ఉన్నది, దానికి తర్వాత సవరణలు వచ్చాయి. ఆ సర్వే నంబరు నిషేధిత జాబితాలో ఉన్నదా లేదా రిజిస్ట్రేషను కార్యాలయంలో అడిగి తెలుసుకోండి. వక్ఫ్ భూమి కూడా ఆ జాబితాలోనే ఉంటుంది. మన తాతలు అల్లాహ్ పేరిట వదిలిన నేలను మనమే లేఅవుట్‌లో కొనుక్కునే దుస్థితి రాకూడదు. ఈసీ తీయించండి, అడంగల్, 1బి చూడండి, లేఅవుట్‌కు అనుమతి ఉన్నదో లేదో చూడండి. ధర చవక అన్న తొందరలో మనవారు వదిలేసేవి ఇవే. దస్తావేజులో ఒక ధర రాసి, చేతిలో ఇంకొక ధర పెట్టే అలవాటు మానండి. అబద్ధానికి ఇద్దరు సాక్షులను కూడా తీసుకెళ్తున్నాము! కొనేవాడూ, అమ్మేవాడూ నిజం చెప్పి లోపాలు వెల్లడించుకుంటే వారి బేరంలో బర్కత్ ఉంటుందనీ, దాచి అబద్ధమాడితే అది తుడిచిపెట్టుకుపోతుందనీ హకీం బిన్ హిజామ్ (రజి) గారే ఉల్లేఖించారు.

జకాతు విషయంలో చాలామంది అడుగుతున్నారు. ఉండడానికి కొన్న ఇంటి మీద జకాతు లేదు. ఇల్లు కట్టుకుందామని కొన్న స్థలం మీదా లేదు. అమ్మి లాభం పొందాలన్న సంకల్పంతో కొన్న స్థలం వర్తక సరుకు, దాని మీద ఏటా జకాతు ఉన్నది. లెక్క ఈనాటి బజారు ధర మీద కట్టాలి, 2018లో ఇచ్చిన ధర మీద కాదు. 12 లక్షలకు కొన్నది 7 లక్షలు పలికితే జకాతు 7 లక్షల మీద 17,500 రూపాయలు అవుతుంది. అమ్ముడుపోక పడి ఉన్న సరుకు మీద, అమ్మిన తర్వాత ఒక్క సంవత్సరానికే ఇస్తే చాలునని మాలికీ విద్వాంసుల అభిప్రాయం. మన మస్లక్‌లో ఏటా లెక్క కట్టాలి. చేతిలో రొక్కం లేనివారు రాసిపెట్టుకొని, అమ్ముడుపోయినప్పుడు పాత సంవత్సరాలవి కలిపి ఇవ్వవచ్చును.

అల్లాహ్ నన్నూ, మిమ్మల్నీ క్షమించుగాక.

(రెండవ ఖుత్బా)

సోదరులారా! నిన్న అస్ర్ తర్వాత ఆ సోదరుడు మళ్లీ వచ్చాడు. ఈ మాటలన్నీ నేను ఆయనతో ఇంకా చెప్పలేదు. జుమా వరకు ఆగమన్నవాడిని నేనే. ఆయన ఆగలేదు, మరో విధంగా. మధ్యవర్తిని వెంటబెట్టుకోకుండా తానే ఆ కువైట్ సోదరుని ఇంటికి వెళ్లాడట. ముందుగా పక్క స్థలం వారి సంగతి అడిగాడు. పక్కది పెనుకొండలో పనిచేసే ఒక ముస్లిమేతర ఉపాధ్యాయునిది. పొరుగు హక్కులో మతం తేడా మన ఫిఖహ్‌లో లేదు కనుక ఆయననూ అడిగారు. తనకు ఇప్పుడు కొనే శక్తి లేదనీ, ఎవరు వచ్చినా మంచివారు వస్తే చాలుననీ ఆయన అన్నారు.

అప్పుడు మన సోదరుడు, ఈ స్థలం 5 లక్షలది కాదు, 7 లక్షలది, నేను 7 ఇస్తాను అన్నాడు. అవతలి సోదరుడు చాలాసేపు మాట్లాడలేదట. తర్వాత లేచి, చెప్పులు వేసుకొని, పదండి అని స్థలం దగ్గరికి తీసుకెళ్లాడు. ఆగ్నేయ మూలలో నిలబడి, వాన గట్టిగా పడినప్పుడు పైనున్న వంక నీళ్లు ఇక్కడికి వచ్చి రెండు రోజులు నిలుస్తాయి, 5 లక్షలకు అడిగినప్పుడు ఈ మాట చెప్పకూడదనుకున్నాను, ఇప్పుడు చెప్పకుండా ఉండలేను అన్నాడు. మట్టి తోలించి ఎత్తు చేయడానికి 40 వేలు అవుతుందని ఇద్దరూ కలిసి లెక్క వేశారు. 6 లక్షల 60 వేలకు బేరం కుదిరింది. సగం నిన్ననే ఆసుపత్రి ఖాతాలో పడింది. మిగిలినది సోమవారం రిజిస్ట్రేషను నాడు, దస్తావేజులో అదే ధర రాసి ఇస్తాడు.

తోట ఇల్లు ఈ ఏడు కట్టడం లేదు, బ్యాంకుకు వెళ్లడం లేదు. ముందు నాలుగు కానుగ మొక్కలు నాటుతానని, నీళ్లు నిలిచే మూలలో కొబ్బరి బతుకుతుందా అని నన్ను అడిగాడు. అది నాకు తెలియదు, రైతు సోదరులెవరైనా నమాజు తర్వాత ఆయనకు చెప్పండి.

ఓ అల్లాహ్! ఆ ఇంటి ఇల్లాలికి స్వస్థత ప్రసాదించు. ఆ ఇద్దరి బేరంలో బర్కత్ ప్రసాదించు. ఆమీన్.